చేపల పెట్టె, ఉల్లి లారీ

ఆకివీడులోనో కైకలూరులోనో చేపల లోడింగు చూసినవాళ్లకు ఈ అధ్యాయంలో సగం ముందే తెలుసు. చెరువు నుంచి వచ్చిన శీలావతి, బొచ్చె తూకమయ్యాక ట్రేలలోకి దిగుతాయి. ఒక పొర చేప, ఒక పొర నలగ్గొట్టిన ఐసు, మళ్లీ చేప, మళ్లీ ఐసు. ఈ సరుకు హౌరా పోవాలి, కొంత గువాహటి దాకా పోవాలి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి. పైన ఎండ, కింద కాగిన తారు రోడ్డు. మామూలు లారీలో చల్లబరిచే యంత్రం ఉండదు. ఉండేదల్లా ఐసు, దాని చుట్టూ ఒక గోడ.

ఐసు అంత తేలిగ్గా లొంగదు. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో ఐసు కరిగి సున్నా డిగ్రీల నీళ్లు కావడానికే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంతే వేడిని ఆ కిలో నీళ్లకు మళ్లీ ఇస్తే 80 డిగ్రీల దాకా కాగుతాయి. థర్మామీటరుకు కనబడకుండా ఐసు మింగేసే ఈ వేడి సంగతిని స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ 1760ల మొదట్లో తేల్చాడు. లోడింగు దగ్గర నిలబడిన మనిషి జౌళ్లలో మాట్లాడడు గానీ చేసే లెక్క అదే: హౌరా చేరేలోపు పెట్టెలోకి ఎంత వేడి దూరుతుందో దానికి సరిపడా ఐసు వెయ్యాలి. దూరే వేడి తగ్గితే ఐసు తక్కువ పడుతుంది, ఆ బరువుకు చేప ఎక్కించుకోవచ్చు. దూరం వెళ్లే సరుకుకు థర్మోకోల్ పెట్టెలు వచ్చింది అందుకే.

ఇప్పుడు ఆ పెట్టెలో ఐసు తీసేసి ఇద్దరు మనుషులను పడుకోబెడదాం. ఎండను తీసేసి చలిని పెడదాం. గోడ చేసే పనిలో ఏ మార్పూ ఉండదు. వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది; లోపలికి పోతోందా బయటికి పోతోందా అన్నది గోడకు పట్టదు. చలికాలంలో కొండ మీద, కరెంటు లేని చోట, వ్యానులో వెచ్చగా పడుకోవడం ఎలా అన్న ప్రశ్నకు కొల్లేరు చుట్టుపక్కల సగం జవాబు ఎప్పటినుంచో ఉంది. మిగతా సగం తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఉంది. అక్కడికి తర్వాత వెళదాం.

ఏలూరు, గూడెం వాళ్లకు చలి అంటే జనవరి తెల్లవారుజామున 16, 17 డిగ్రీలు. మఫ్లర్లు బీరువాలోంచి బయటికొచ్చేది ఆ కొద్ది వారాలే. అసలు చలి చూడాలంటే హైవే ఎక్కి రాజమండ్రి, తుని దాటి, నర్సీపట్నం మీదుగా చింతపల్లి ఘాట్ ఎక్కాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే ఉష్ణోగ్రతలు డిసెంబరు, జనవరి నెలల్లో పత్రికలకెక్కుతుంటాయి. అయిదు డిగ్రీలకు దిగిన రాత్రులు అక్కడ వింతేం కాదు. శనివారం వచ్చిందంటే గోదావరి జిల్లాల నుంచి కార్లు, టెంపో ట్రావెలర్లు బారులు తీరతాయి. గుడారాలు అద్దెకిస్తారు. గుడారం వద్దనుకున్నవాళ్లు బండిలోనే పడుకుంటారు. పాత వ్యాను కొని అందులో మంచం, పొయ్యి, బ్యాటరీ అమర్చుకుని తిరిగే ఉత్సాహవంతులూ ఈ మధ్య కనబడుతున్నారు. (బండికి అలాంటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను అడ్డొస్తుంది. ముందు రవాణా శాఖ గడప తొక్కి, ఆ తర్వాత వడ్రంగి దగ్గరికి పోవడం మంచిది.)

అలాంటి వ్యాను ఒకటి తీసుకుందాం. పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు 1.9, లోపలి ఎత్తు రెండు. పైకప్పు, నేల, నాలుగు గోడలు కలిపితే 50 చదరపు మీటర్లు. బయట అయిదు డిగ్రీలు, లోపల మనకు ఇరవై కావాలి. తేడా పదిహేను. వట్టి ఇనుప రేకు అయితే ఒక్కో చదరపు మీటరు నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకు, సుమారు అయిదున్నర వాట్లు బయటికి పోతాయి. గుణించి చూడండి: నాలుగు వేల వాట్లు దాటుతుంది. ఇంట్లో గీజరు రెండు వేల వాట్లది అనుకుంటే, అలాంటివి రెండు రాత్రంతా ఆపకుండా నడవాలన్నమాట. నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి వచ్చేది 75 వాట్లు. ఇద్దరివీ కలిపి 150. ఆ నూట యాభై వాట్లతో ఈ ఇనుప డబ్బా బయటి గాలి కంటే ఎంత వేడెక్కుతుంది? అర డిగ్రీ. పేరుకు లోపల పడుకున్నామనే గానీ చలి విషయంలో బయట పడుకున్నట్టే.

ఇనుముది తప్పు అనిపిస్తుంది, నిజమే కూడా. వేడిని మోసుకుపోవడంలో కదలని గాలి కంటే ఇనుము రెండు వేల రెట్లు చురుకు. చురుకుతనం లేనిది గాలి. కానీ ఒక షరతు: అది కదలకూడదు. వదిలేస్తే గాలి వెచ్చబడి లేస్తుంది, చల్లబడి దిగుతుంది, ఆ తిరుగుడులో వేడిని చేరవేస్తూనే ఉంటుంది. దాన్ని చిన్నచిన్న గదుల్లో బంధించాలి. ఉన్ని, ఈకలు, బొచ్చు వెచ్చగా ఉండటానికి కారణం వాటి మధ్య చిక్కుకున్న గాలేనని కౌంట్ రమ్‌ఫర్డ్ 1790లలో ప్రయోగాలు చేసి చూపాడు. థర్మోకోల్ ఆ పనిని ఫ్యాక్టరీలో చేస్తుంది. అందులో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు గాలే. థర్మోకోల్ రాకముందు మన డెల్టాలో ఐసు దిమ్మలను ఊకలో కప్పిపెట్టేవారు. ఊకలో ఉన్నదీ అదే, గింజ వదిలి వెళ్లిన బుల్లి గదులు, వాటి నిండా గాలి. ఏలూరు ఉన్ని తివాచీ వ్యాను నేల మీద పరిచినా ఇదే ఫలితం దక్కుతుంది, కాకపోతే ఆ ఖరీదుకు చలి మరిచిపోయి ఇంకేదో గుర్తొస్తుంది.

పొట్టు, గాలి కలిస్తే ఎంత గట్టి గోడ అవుతుందో చెప్పడానికి ఒక ఓడ కథ ఉంది. 1833 మే నెలలో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల ఐసు వేసుకుని కలకత్తాకు బయల్దేరింది. చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచుగడ్డలను కోయించి అమ్మే ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి సాహసమిది. ఓడ నాలుగు నెలలు నడిచింది, భూమధ్యరేఖను రెండుసార్లు దాటింది. సెప్టెంబరులో హుగ్లీ చేరేసరికి ఇంకా 100 టన్నుల దాకా ఐసు మిగిలే ఉంది! ఆ వ్యాపారం మద్రాసుకూ పాకింది. అక్కడి సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ నిలిచి ఉంది. 1897లో వివేకానందుడు బస చేసిన భవనం అదే.

టస్కనీ లెక్కను మన వ్యాను లెక్క పక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది. కరిగిపోయింది 80 టన్నులు. దానికి పట్టిన వేడిని నాలుగు నెలల కాలానికి సమంగా పంచితే సుమారు 2,600 వాట్లు వస్తుంది. ఉష్ణమండల సముద్రాల మీద ఒక ఓడ అడుగు మొత్తంలోకి దూరిన వేడి అది. లంబసింగిలో మన వట్టి ఇనుప వ్యాను వదిలేసేది నాలుగు వేల పైచిలుకు. చెక్క పలకలు, మధ్యలో కూరిన పొట్టు తప్ప మరే విద్యా లేని ఆ పాత ఓడ మన బండి కంటే ఎన్నో రెట్లు నయం.

వ్యాను గోడలకు లోపలి నుంచి అంగుళం మందాన థర్మోకోల్ గానీ, శీతల గిడ్డంగుల వాళ్లు వాడే పఫ్ గానీ అతికిస్తే నాలుగు వేల వాట్లు 850కి దిగుతాయి. రెండో అంగుళం వేస్తే? 470. మొదటి అంగుళం మూడు వేలకు పైగా ఆదా చేసింది, రెండోది నాలుగు వందల లోపే. మూడోది ఇంకా తక్కువ, పైగా కాళ్లు చాపుకునే చోటు తినేస్తుంది. అతి మందం గోడలు వేసుకుని గర్వపడేవాళ్లు కిటికీలు మరిచిపోతారు. ముందు అద్దం, పక్క అద్దాలు కలిపి నాలుగు చదరపు మీటర్లుంటే వాటి గుండా 330 వాట్లు పోతాయి. రెండంగుళాలు కప్పిన మిగతా బండి మొత్తం పోగొట్టేదానికి ఇది కాస్త తక్కువ, అంతే. కాబట్టి రెండో అంగుళానికి పెట్టే డబ్బు పెట్టి, అద్దాల కొలతకు నురుగు పలకలు కోయించి, గుడ్డ కుట్టించి, రాత్రిపూట అద్దాలకు బిగించుకోవడం తెలివైన పని. తెల్లారితే తీసి మంచం కింద పడెయ్యొచ్చు.

ఇంకో దొంగదారి ఉంది. రేకు వెనకాల బండికి ఇనుప కమానులు ఉంటాయి. మనం అతికించిన పలకల మధ్య అవి బోసిగా మిగిలితే వేడి వాటినే పట్టుకుని నడుస్తుంది. వాటి మీద కూడా పల్చటి నురుగు పట్టీ అయినా పడాలి. థర్మోకోల్ మంటకు ఇట్టే అంటుకుని నల్లటి విషపు పొగ చిమ్ముతుందన్నదీ మరవకూడదు. దాన్ని బట్టబయలుగా వదలకుండా పైన ప్లైవుడ్ వేయించాలి. పొయ్యి దగ్గర అసలు వాడకపోతే ఇంకా మంచిది.

గోడల సంగతి అయింది, కప్పు సంగతి వేరే చెప్పాలి. లంబసింగి ఎత్తు వల్ల మాత్రమే అంత చల్లగా ఉండదు. వెయ్యి మీటర్లు ఎక్కితే తగ్గేది ఆరేడు డిగ్రీలు. ఏలూరులో 16 ఉన్న రాత్రి అక్కడ పది ఉండాలి. మిగతా అయిదు డిగ్రీలు ఎటుపోయాయి? చాలా మటుకు ఆకాశంలోకి. మబ్బు లేని, తేమ తక్కువున్న రాత్రి నేల తన వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదిలేస్తుంది, పైనుంచి తిరిగొచ్చేది తక్కువ. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కి వాలు వెంట జారి పల్లంలో చేరుతుంది. మంచు బిందువులు ఎలా పుడతాయో కనిపెట్టడానికి లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ ఆరుబయట దూది పీచు, ఉన్ని పీచు పెట్టి రాత్రుళ్లు తూచి, 1814లో ఒక పుస్తకం రాశాడు. ఆకాశం ఎదురుగా కనబడే వస్తువు చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుందనీ, పైన ఏదైనా అడ్డు ఉంటే అంత చల్లబడదనీ అతను తేల్చాడు. రాత్రి ఆరుబయట ఆపిన కారు కప్పు పొద్దున్నే తడిసి ముద్దయి ఉంటుంది. చెట్టు కింద ఆపిన కారు పొడిగా ఉంటుంది. వ్యాను కప్పు ఆకాశానికి వెల్లకిలా పడుకున్న పదిన్నర చదరపు మీటర్ల రేకు. బయటి గాలి అయిదు డిగ్రీలున్నా ఆ రేకు అంతకంటే కిందికి దిగుతుంది. అందుకని నురుగు పరిమితంగా ఉంటే మొదటి వాటా కప్పుకే. బండి ఆపేది లోయ అడుగున వద్దు, వాగు పక్కన అసలు వద్దు. కొంచెం మెరకన, చెట్టు కొమ్మల కింద ఆపితే కాణీ ఖర్చు లేకుండా రెండు మూడు డిగ్రీలు కలిసిరావచ్చు. ఎండుకొమ్మ నెత్తిన పడని చెట్టు చూసుకోవాలనుకోండి.

*

ఇక ఉల్లి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ లారీలు వస్తాయి. చేపల లోడుకు, ఉల్లి లోడుకు పక్కపక్కన ఫొటోలు తీసి చూపిస్తే ఒకదానికొకటి పూర్తి ఎదురు. చేపను బిగించి మూస్తారు. ఉల్లిని గాలాడే సంచుల్లో నింపుతారు, వాన భయం లేకపోతే పట్టా బిగించి కట్టరు. బిగిస్తే సరుకు చెమర్చి కుళ్లుతుంది. ఎందుకంటే ఉల్లిగడ్డ బతికే ఉంది. ఆక్సిజన్ పీల్చుకుంటుంది, బొగ్గుపులుసు వాయువునూ, నీటి ఆవిరినీ, కాస్త వేడినీ వదులుతుంది. చచ్చిన చేపకు గాలి అక్కర్లేదు, బతికున్న ఉల్లికి కావాలి. వ్యానులో పడుకున్న మనుషులు ఏ కోవలోకి వస్తారో చెప్పక్కర్లేదు. చలికి భయపడి కంతలన్నీ మూసుకుని పడుకునేవాళ్లు తమను చేపల్లో జమకట్టుకుంటున్నారు.

నిద్రలో ఒక్కో మనిషి ఊపిరి, చర్మం ద్వారా గంటకు 40 గ్రాముల దాకా నీరు ఆవిరిగా వదులుతాడు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే అర లీటరు దాటుతుంది. మన వ్యానులో పట్టే గాలి 20 ఘనపు మీటర్లు. ఇరవై డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. అయిదు డిగ్రీల దగ్గర ఏడు గ్రాములు కూడా మోయలేదు. అంటే ఇద్దరి ఊపిరీ కొద్ది గంటల్లోనే గదిని నింపేస్తుంది. ఆ గాలి చల్లటి అద్దాన్నో, బోసి కమానునో తాకగానే మోయలేని బరువు అక్కడ దించేస్తుంది. అద్దం మీద చారలు, కప్పు నుంచి బొట్లు, తడిసిన దిండు. కనబడే తడితో పెద్ద ప్రమాదం లేదు, తుడిచేస్తాం. నురుగు పలకకూ రేకుకూ మధ్య సందుల్లోకి వెళ్లి, అక్కడ నీరై, కనబడకుండా నెలల తరబడి నిలిచే తడి రేకును తినేస్తుంది. కొల్లేరు, ఉప్పుటేరు గాలికి తుప్పు ఎంత తొందరగా పడుతుందో అక్కడి బండి యజమానులకు చెప్పనక్కర్లేదు. లోపలి నుంచి కూడా పట్టనిస్తే బండి రోజులు లెక్కపెట్టుకోవడమే. అందుకే నురుగును సందు లేకుండా రేకుకు అతికించాలి, అంచులకు టేపు వెయ్యాలి. గాజు దూది చవక, అంటుకోదు, కానీ తడిని పట్టుకుని కూర్చుంటుంది.

మిగిలిన మార్గం ఉల్లి లారీదే: గాలి ఆడనివ్వడం. కింద ఒక కంత, పైన ఒక కంత. గంటకు 30 ఘనపు మీటర్ల బయటి గాలి వచ్చిపోయేలా చూసుకుంటే లోపలి తేమ 55 శాతం దగ్గర నిలుస్తుంది. అద్దాలకు పలకలు బిగించి ఉంటే రాత్రి హాయిగా గడిచిపోతుంది. లంబసింగి గాలి చల్లనిది కాబట్టి అందులో ఆవిరి తక్కువ; లోపలికి వచ్చి వెచ్చబడేసరికి దానికి దాహం పెరుగుతుంది. దీనికి చెల్లించాల్సిన ధర ఎంత? 30 ఘనపు మీటర్ల గాలిని గంటగంటకూ పదిహేను డిగ్రీలు వేడెక్కించడానికి 150 వాట్లు. సరిగ్గా ఇద్దరు నిద్రపోయేవాళ్ల ఒళ్లు ఇచ్చేంత. మన ఊపిరి తడిని బయటికి పంపడానికి మన ఒంటి వేడే జీతంగా పోతుంది. బండిని వెచ్చబెట్టడానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

ఆ వేరే ఏర్పాటు అనగానే అందరికీ తట్టేది నిప్పు. ఇక్కడ కాస్త ఆగాలి.

ఉత్తరాదిలో ప్రతి చలికాలమూ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని, పొద్దున లేవనివాళ్ల వార్తలు వస్తుంటాయి. చేపల లోడుతో అటు వెళ్లే మన డ్రైవర్లు, క్లీనర్లు క్యాబిన్‌లోనే పడుకుంటారు. బయట చలి వణికిస్తుంది. బొగ్గులు చవగ్గా దొరుకుతాయి. పొగ పోయేదాకా బయటే ఉంచి, కణకణలాడే నిప్పులనే లోపలికి తెచ్చుకుంటే భయం లేదన్న నమ్మకం బలంగా ఉంది. ఇంతకంటే ప్రాణాంతకమైన నమ్మకం లేదు. పొగ కళ్లు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, లేపి కూర్చోబెడుతుంది. ఎర్రగా కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో పదివేల పాళ్లలో నాలుగు పాళ్లుంటే గంట రెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. పదహారు పాళ్లుంటే ఇరవై నిమిషాల్లో తల తిరుగుతుంది, రెండు గంటల్లోపు ప్రాణం పోవచ్చు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1895లో ఈ వాయువును తానే పీల్చి, ఒంట్లో ఏం జరుగుతోందో వరుసగా రాసుకున్నాడు. మెలకువతో ఉండి, పక్కన మనుషులుండి, ఎప్పుడు ఆపాలో తెలిసి చేసిన పని అది. నిద్రలో ఉన్నవాడికి తలనొప్పి తెలియదు. లేవాలనిపించేసరికి కాళ్లు మాట వినవు.

గ్యాసు పొయ్యి నీలి మంటతో శుభ్రంగా మండినా లోపలి ఆక్సిజన్‌నే తింటుంది, ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట చెడి అదే విషాన్ని పుట్టిస్తుంది. పైగా కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి వస్తుంది. పొయ్యి వెలిగించి చలి కాచుకోవడమంటే విషం భయంతో పాటు, ఆరబెట్టుకోవాల్సిన బండిలో చెంబులతో నీళ్లు చల్లుకోవడం కూడా. టీ కాచుకుని ఆపేయాలి, ఆ కాసేపూ తలుపు తీసి ఉంచాలి. ఇంజను నడుపుతూ పడుకోవడమూ ఈ జాబితాలోదే. పొగ గొట్టం ఎక్కడ పగిలిందో, గాలి ఎటు మళ్లిందో రాత్రి ఎవరు చూస్తారు?

మండించాలి గానీ మంట మన గాలిని తాకకూడదు. చలి దేశాల లారీల్లో, పడవల్లో, క్యాంపర్ వ్యాన్లలో వాడే డీజిల్ హీటరు ఈ పనే చేస్తుంది. జర్మనీ కంపెనీలు వెబాస్టో, ఎబర్‌స్పేషర్ దీనికి పేరుపడ్డాయి. బయటి నుంచి ఒక గొట్టం గాలి తెస్తుంది, మూసిన లోహపు గదిలో డీజిల్ మండుతుంది, ఇంకో గొట్టం పొగను బయటికి పంపుతుంది. ఆ లోహపు గది చుట్టూ ఫ్యాను ఊదే గాలి వేరు, మంట దగ్గరి గాలి వేరు. మండినప్పుడు పుట్టిన ఆవిరీ పొగతోనే పోతుంది. ఈ ఒక్క గుణం కోసమైనా దాని ఖరీదును క్షమించవచ్చు. గొట్టాల అతుకులు వదులవుతాయి కాబట్టి దీనికి తోడు కార్బన్ మోనాక్సైడు అలారం పడక దగ్గర పెట్టుకోవాల్సిందే.

మన వ్యాను లెక్క పూర్తి చేద్దాం. అంగుళం నురుగు కప్పిన గోడల నుంచి 780 వాట్లు, పలకలు బిగించని అద్దాల నుంచి 330, కంతల నుంచి 150. మొత్తం 1,260. ఇద్దరి ఒళ్లు 150 ఇస్తాయి. హీటరు ఇవ్వాల్సింది 1,100 వాట్ల చిల్లర. ఎనిమిది గంటలకు తొమ్మిది యూనిట్లకు కొంచెం తక్కువ. లీటరు డీజిల్‌లో పది యూనిట్ల వేడి ఉంటుంది, హీటరు అందులో ఎనిమిది మనకు దక్కిస్తుంది. రాత్రికి లీటరుకు కాస్త పైన, అంతే. అదే పని కరెంటు హీటరుతో చేద్దామంటే? 100 ఆంపియర్ అవర్ల, 12 వోల్టుల మామూలు బ్యాటరీలో 1.2 యూనిట్లుంటాయి, పాడుకాకుండా వాడుకోగలిగేది అందులో సగం. తొమ్మిది యూనిట్లకు అలాంటివి పదిహేను కావాలి. బండి నిండా బ్యాటరీలే పడుకుంటాయి, మనుషులు బయట. కప్పు మీది సోలారు పలకల సంగతి చెప్పేదేముంది, చలి వేసేది రాత్రి. లిథియం బ్యాటరీ బరువు తక్కువే గానీ, సున్నా కంటే దిగువన దాన్ని చార్జి చేస్తే లోపల లోహం పేరుకుని పాడవుతుంది; లంబసింగిలో తెల్లవారుజామున ఆ పరిస్థితి రానూ వచ్చు.

కానీ ఈ లెక్కంతా ఒక పట్టుదల మీద నడిచింది: ఇరవై ఘనపు మీటర్ల గదిని ఇరవై డిగ్రీలకు తేవాలన్న పట్టుదల. నిద్రపోయే మనిషికి అంత గది అక్కర్లేదు.

కోతలయ్యాక కొల్లేరు చుట్టూ పొలాల్లోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజ, నత్తలు తింటూ చేను నుంచి చేనుకు సాగుతుంటాయి. కాపరులు మందతోనే ఉంటారు. రాత్రి బాతులకు వల దడి కట్టి, పక్కనే పట్టా కప్పిన చిన్న గూట్లో పడుకుంటారు. కరెంటు లేదు, గోడ లేదు. కింద ఎండుగడ్డి, పైన దుప్పటి. గడ్డి కింద వెయ్యడంలో ఉన్న తెలివిని చాలామంది వ్యాను యజమానులు గమనించరు. దుప్పటి ఎంత మందమైనా ఒంటి కింద నలిగితే అందులో గాలి పోతుంది, గాలి పోతే దుప్పటి పనీ పోతుంది. పైన మూడు కప్పుకున్నా నేల వైపు నుంచి చలి లాగేస్తుంది. నలగనిది కింద కావాలి: గడ్డి, కొబ్బరి పీచు పరుపు, గట్టి నురుగు.

పైన మూడు సెంటీమీటర్ల దూది బొంత అనుకుందాం. చర్మం 33 డిగ్రీలు, వ్యాను లోపల ఎనిమిది. ఆ బొంత గుండా మనిషి ఒంటి నుంచి పోయేది యాభై పైచిలుకు వాట్లు. ఒళ్లు ఇస్తున్నది 75. ఊపిరితో, బయట ఉన్న ముఖంతో పోయే కాస్తా తీసేసినా లెక్క సరిపోతుంది! గదిని వెచ్చబెట్టాలంటే వెయ్యి వాట్లు అడిగిన చలి, బొంత కింది గదిని వెచ్చబెట్టాలంటే ఏమీ అడగడం లేదు. చలి మరీ ఎక్కువైతే రెండు లీటర్ల వేణ్నీళ్లు రబ్బరు సంచిలో పోసి కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. 80 డిగ్రీల నుంచి 35కు చల్లారేలోపు అవి వంద వాట్-అవర్లు ఇస్తాయి, నిద్ర పట్టే రెండు మూడు గంటలకు చాలు. కరెంటు దుప్పటి యాభై వాట్లది అయితే ఒక్క బ్యాటరీ రాత్రంతా నడుపుతుంది. డీజిల్ హీటరును పడుకునే ముందు అరగంట, లేచే ముందు అరగంట నడిపితే బట్టలు మార్చుకోవడానికి ఇబ్బంది ఉండదు. మధ్యలో దాని గొణుగుడు లేకపోవడం అదనపు లాభం. గొర్రెల కాపరుల గొంగళి దొరికితే వదులుకోవద్దు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. ఊపిరి తడికి దూది బొంత చల్లబడే చోట అది చల్లబడదు.

ఇదంతా కొండ మీది లెక్క. అదే వ్యానును జనవరిలో ఆటపాక దగ్గర, గూడబాతులు చూడటానికి, కొల్లేరు గట్టున ఆపితే? బయట 16 డిగ్రీలు. లంబసింగితో పోలిస్తే చలే కాదు, ఇంత ఏర్పాటు ఉంది కదా అని నిశ్చింతగా కంతలు అలాగే ఉంచి పడుకుంటాం. పొద్దున లేచేసరికి లంబసింగిలో లేనంత తడి. కారణం బయటి గాలిలోనే ఉంది. పొగమంచు పట్టిన 16 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు పదమూడున్నర గ్రాముల ఆవిరితో అప్పటికే నిండి ఉంటుంది. లోపల ఇరవై డిగ్రీలున్నా అది ఇంకా మోయగలిగేది మూడున్నర గ్రాములే. కొండ మీద సరిపోయిన గంటకు 30 ఘనపు మీటర్ల గాలి ఇక్కడ తేమను 94 శాతం దగ్గర వదిలేస్తుంది. మూడింతలు గాలి పంపినా 84 శాతం. చిన్న కంతలు చాలవు. రెండు వైపులా కిటికీలు పూర్తిగా తీసి, వాటికి దోమల నెట్ బిగించుకుని, బొంత కప్పుకుని పడుకోవాలి. నెట్‌లో చిరుగు ఉంటే మాత్రం ఆ సరస్సు దోమలు మీరు తెచ్చిన భౌతికశాస్త్రాన్ని లెక్కచెయ్యవు.